తిప్పేది తను, పట్టేది నేను: చేతి మిషను మీద ఒక వేసవి

మా అల్లుడు గారు మంచివారు. ఈ మాట ముందే చెప్పుకోవడం ఎందుకంటే, ఆయన తెచ్చిన వస్తువును నేనిప్పుడు తిట్టబోతున్నాను.

ఏప్రిల్ చివర్లో మనవరాలిని రాజమండ్రిలో నా దగ్గర దింపడానికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. లోపల తెలుపు, ఊదా రంగుల ప్లాస్టిక్కు కుట్టుమిషను. మన పోపులపెట్టె కంటే కాస్త పెద్దది. "అత్తయ్యగారూ, పాపకు కుట్టు నేర్పుతానన్నారు కదా, మీ పాత మిషను దానికి అందదని ఇది తెప్పించాను" అన్నారు. ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలట. కంపెనీ పేరు రాయను. రాసినా ప్రయోజనం లేదు. అదే మూసలో పోసిన మిషన్లు పది పేర్లతో దొరుకుతున్నాయి, అన్నీ ఒకే తాను ముక్కలు.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో క్రాఫ్టు టీచరుగా పనిచేశాను. ప్రభుత్వం పెట్టే టైలరింగు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ప్యాసయి ఆ ఉద్యోగంలో చేరినదాన్ని. ఆరో తరగతి పిల్లలకు కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు నేర్పి నేర్పి వేళ్లు కాయలు కాచాయి. అయినా ఏడేళ్ల పిల్లకు, అదీ ఇంట్లో, అదీ సొంత మనవరాలికి నేర్పడం ఇదే మొదలు. బడిలో పిల్ల అల్లరి చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని. ఇంట్లో పిల్ల నా ఒళ్లోకే ఎక్కుతుంది.

సరే, ప్లగ్గు మిషను సంగతి. నాలుగు పెన్సిలు సెల్లులతో గాని, గోడకు పెట్టే అడాప్టరుతో గాని నడుస్తుంది. కాలితో తొక్కడానికి సబ్బుబిళ్లంత పెడలు. సూది దగ్గర చిన్న దీపం. బొమ్మలా ముద్దుగా ఉంది, కాదనను. అల్లుడు గారు తెచ్చినది కాబట్టి మొదటి మూడు రోజులు ఫోనులో మెచ్చుకున్నాను కూడా.

దాని పెద్ద లోపం ఆ పెడలే. కుట్టుమిషను పెడలును మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే జోరుగా నడవాలి. ఇది దీపం స్విచ్చు లాంటిది. ఆగి ఉంటుంది, లేకపోతే పరుగు తీస్తుంది, మధ్యలో నడక లేదు. వేగం తగ్గించే మీట ఒకటి ఉంది గాని, తగ్గించిన వేగం కూడా పిల్ల కళ్లకు అందదు. పాప కాలు ఆనిస్తుంది, సూది టకటకమని అరచేతి దూరం పోతుంది, పాప ఉలిక్కిపడి కాలు తీస్తుంది, బట్ట వంకరపోతుంది. సూది ముందు వేలు అడ్డుపడకుండా కాపు లేదు. మిషనుకు బరువు లేదు కాబట్టి బట్టను కాస్త లాగితే తనే బల్ల మీద జరిగి వస్తుంది. కింది దారం ప్రతి పది నిమిషాలకూ పిచ్చుకగూడు కడుతుంది. దారం బిగువు మార్చడానికి పైన ఉన్న చక్రం అలంకారానికే పెట్టారని నా అనుమానం. రెండు పొరల పాప్లిను వరకు ఎలాగో లాక్కొస్తుంది. అంచు మడిచి నాలుగు పొరలు అయ్యేసరికి మూలుగుతూ నిలబడిపోతుంది. పదకొండో రోజున మూలుగుతో పాటు కాలిన వాసన కూడా వచ్చింది. ప్లగ్గు పీకి అట్టపెట్టెలో పెట్టేశాను.

ఇవన్నీ క్షమించగలను. క్షమించలేనిది ఒకటుంది. పదో రోజున పాప బట్ట పక్కన పడేసి "నాకు కుట్టు రాదు అమ్మమ్మా" అంది. తప్పు మిషనుది. పిల్ల మాత్రం తనదనుకుంది. ఎవరూ పెద్దవాళ్లకు ఇంత నాసిరకం పనిముట్టు ఇచ్చి పని నేర్చుకోమనరు. పిల్లలకు మాత్రం ఇస్తారు, చిన్నవాళ్లు కదా, ఏదైనా సరిపోతుందని.

మర్నాడు పొద్దున నా మిషను మీద గుడ్డ తీశాను. నల్ల ఇనుప తల, బంగారు రంగు పువ్వులు సగం చెరిగిపోయిన ఉషా. 1930ల్లో కలకత్తాలో మొదలైన జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ వారి సరుకు. 1983లో నా మూడో నెల జీతంతో కొన్నాను. కాలి మిషను. ఇన్నేళ్లలో నేను మార్పించింది తోలు బెల్టులు, సూదులు, కింది దారపు చుట్ట కూర్చునే బాబిన్ కేసు ఒకటి, అంతే. అల్లుడు గారన్న మాట ఒకటి నిజమే. పాప కాళ్లు ఆ ఇనుప పలకకు అందవు, అందేలా ముందుకు జరిగి కూర్చుంటే గడ్డం బల్లకు తగులుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, చేతి హ్యాండిలు. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. మిషను తల వెనక, చక్రం పక్కన ఒక బొడిపె ఉంటుంది. హ్యాండిలును దానికి బోల్టుతో బిగిస్తే, దాని వేలు చక్రపు ఆకుల మధ్య దూరి చక్రాన్ని తిప్పుతుంది. అంతే, కాలి మిషను చేతి మిషను అయిపోతుంది. మెయిన్ రోడ్డు పక్క సందులో మిషన్ల సామాను అమ్మే కొట్టులో 550 రూపాయలకు దొరికింది. మొదట ఇచ్చినదాని పళ్లు ఇసుక నమిలినట్టు కరకరలాడాయి. కొట్టులోనే తిప్పి చూశాను కాబట్టి తెలిసింది, మార్చి ఇచ్చాడు. మీరు కొనేటప్పుడు కూడా నాలుగు చుట్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని మరీ కొనండి. మీ చక్రానికి ఆకులు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. బిళ్లలా మూసుకుపోయిన చక్రానికి ఇది పనికిరాదు.

తలను స్టాండు నుంచి ఎత్తి పెట్టడానికి వడ్రంగి మా పాత తలుపు చెక్కతో పెట్టె చేశాడు, 400. మెకానిక్కు ఇంటికి వచ్చి శుభ్రం చేసి వెళ్లాడు, 300. కొత్త బాబిన్ కేసు 120. మొత్తం 1,370 రూపాయలు. లెక్క పాప చేతే వేయించాను. నాన్న తెచ్చిన మిషను కంటే 230 తక్కువని తనే తేల్చింది. ఆ సంగతి నాన్నకు ఫోనులో చెప్పింది కూడా తనే. నేను కాదు.

ఇప్పుడు అసలు విషయం. చేతి మిషనును టైలర్లు ఎందుకు వదిలేశారో తెలుసా? కుడిచేయి పిడి తిప్పడానికే సరిపోతుంది. బట్టను నడపడానికి ఎడమచేయి ఒక్కటే మిగులుతుంది. కాలి మిషనులో రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి. కాబట్టి ఒంటిమనిషి పనికి చేతి మిషను ఎప్పుడూ ఒక చేయి తక్కువే. హయ్యరు పరీక్షకు చదివేటప్పుడు చేతి మిషను లోపాల్లో మొదటిదిగా నేను రాసింది ఇదే. కానీ పక్కన ఇంకో మనిషి ఉన్నప్పుడు? మనవరాలు నా కుడిపక్క ముక్కాలిపీట మీద కూర్చుని పిడి తిప్పింది. నా రెండు చేతులూ బట్ట మీద ఉన్నాయి. మిషను దగ్గర ఇద్దరికీ చోటు దొరికింది. ఎవరూ ఎవరికీ సాయం చేస్తున్నట్టు లేదు. తను తిప్పకపోతే నేను కుట్టలేను, నేను పట్టకపోతే తను కుట్టలేదు. 42 మంది పిల్లలకు ఆరు మిషన్లున్న గదిలో ఇన్నేళ్లు పనిచేసి కూడా ఈ ఉపాయం నాకు తట్టలేదే అనిపించింది.

వేగం పిల్ల చేతిలో ఉంటుంది, అది ఇంకో వరం. భయమేస్తే ఆపుతుంది, ఆపిన చోటే సూది ఆగుతుంది. మా హ్యాండిలు ఒక చుట్టు తిరిగితే సూది మూడుసార్లు దిగుతుంది. పాపకు ఇది తెలిసిన రోజు నుంచి మూడో ఎక్కం మా ఇంట్లో మోగిపోయింది. మొదటి దిండు గలేబు పక్కకుట్టు 27 అంగుళాలు. కుట్టు పొడవు మీటను బాగా కిందికి దించి అంగుళానికి ఆరు పడేలా పెట్టాను. అంటే 162 కుట్లు, పిడి 54 చుట్లు. పాప లెక్కపెడుతూ తిప్పితే 56 వచ్చాయి. ఆ రెండు చుట్లు ఎక్కడివని నన్ను నిలదీసింది. మొదట్లో, చివర్లో కుట్టు ఊడకుండా వెనక్కి వేసిన ఆరు కుట్లు అవి. బట్ట తిరగేసి వేలితో చూపించి లెక్క తేల్చుకున్నాక గాని భోజనానికి లేవలేదు.

బట్ట మీదికి రావడానికి ముందు వారం రోజులు కాగితం మీదే నడిపించాను. ఇది మా టైలరింగు పాఠాల్లో పాత పద్ధతి. మిషనుకు దారం ఎక్కించకుండా, నోటు పుస్తకం కాగితాన్ని మిషను పాదం, అంటే సూది దగ్గర బట్టను అదిమిపట్టే ముక్క, కింద పెట్టి గీత వెంట ఉత్త సూదితో కుట్టడం. మొదట ఒంటి గీతల కాగితం, ఆ తర్వాత తన పాత కాపీ పుస్తకంలోని నాలుగు గీతల కాగితం. చీమల బారులా చిల్లులు పడతాయి. కాగితాన్ని కిటికీకి ఎత్తి చూస్తే వంకర ఎక్కడ పోయిందో వెలుతురే చెబుతుంది, నేను చెప్పక్కరలేదు. మలుపు తిప్పడం కూడా కాగితం మీదే నేర్చుకుంది: మూలకు వచ్చాక సూది దిగి ఉండగానే పాదం ఎత్తి, కాగితం తిప్పి, పాదం దించడం. మొదటిసారి అది కుదిరినప్పుడు "అమ్మమ్మా, ఇది కారు తిప్పడం లాంటిదే" అంది. నాకు కారు రాదు. ఒప్పుకున్నాను. కాగితానికి వాడిన సూది మొన మొద్దుబారుతుంది కాబట్టి దాన్ని బట్టకు వాడకూడదు. నూలు బట్టలకు 14 నంబరు సూది కొత్తది వేశాను.

పాప ఇష్టపడి చేసిన పని మాత్రం కుట్టడం కాదు, బాబిన్ చుట్టడం. చక్రం నడుమ ఉన్న మర వదులు చేస్తే సూది కదలదు, బాబిన్ ఒక్కటే గిరగిరా తిరుగుతుంది. దారం కింద నుంచి పైకి పాకుతూ నిండడం చూస్తూ కూర్చునేది. జూన్ నాటికి ఎనిమిది బాబిన్లు ఎనిమిది రంగులతో నిండి ఉన్నాయి. నేను వాడేది తెలుపు, నలుపు.

ఒకరోజు బడిలో ప్రతి ఏడూ చెప్పే సంగతి తనకీ చెప్పాను. యంత్రాలను అంత గట్టిగా ప్రశ్నించిన గాంధీగారు కూడా 1924లో సింగర్ కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారని, భార్య పడే కుట్టు శ్రమను చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడన్నది ఆయన చెప్పిన కారణమని. పాప కాసేపు ఆలోచించి, "మరి నాన్న తెచ్చిన మిషనుకు ఇస్తారా?" అని అడిగింది. గాంధీగారి తరపున నేను ఏమీ అనలేదు.

బట్ట విషయంలో ఒక్క మాట. నేర్చుకునే పిల్లకు జారిపోయే సాటిన్లు, శిఫాన్లు ఇవ్వకండి, బనియను గుడ్డ అసలే వద్దు, ఈ మిషను మీద సాగిపోయి ముడతలు పడుతుంది. తాడితోట బట్టల మార్కెట్టులో కట్‌పీసులు తెచ్చాను, ఎక్కువగా పాప్లిను, టూ బై టూ. సంచుల పట్టీలకు మాత్రం నా పాత మంగళగిరి చీర అంచు కత్తిరించాను. ఇరవై ఏళ్లు కట్టిన చీర, అంచు చెక్కుచెదరలేదు.

కత్తెర దగ్గర చాలా అవస్థ పడ్డాం. బడిలో కాగితాలకు ఇచ్చే మొద్దు కత్తెర బట్టను నములుతుందే గాని తెంచదు. నాది మీరట్ కత్తెర. ఆ ఊరి కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది బట్టను వెన్నలా కోస్తుంది గాని పిల్ల చేతికి బరువు. పైగా మా పాపది పుర్రచేతి వాటం. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే పై అలుగు గీతను కప్పేస్తుంది, ఎక్కడ కోస్తున్నామో కనిపించదు. వాళ్లమ్మ, అంటే మా అమ్మాయి, "కుడిచేత్తో అలవాటు చెయ్యి అమ్మా" అని ఫోనులో రోజూ చెప్పేది. నేను విన్నట్టు ఊఁ కొట్టేదాన్ని. ఎడమచేతి కత్తెర ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర మామూలు దానికి రెట్టింపు ఉంది, అయినా కొనవలసిన వస్తువే.

ఆ పుర్రచేతి వాటమే చివరికి మిషను దగ్గర కలిసొచ్చింది. మూడో వారంలో చోట్లు మార్చుకున్నాం, పిడి నాకు, బట్ట తనకు. మే చివర్లో ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి పాప ఒక్కతే కూర్చుని కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తో బట్ట నడుపుతోంది. చేతి మిషనుకు లోపమని నేను రాసినది ఆ పిల్లకు సరిగ్గా సరిపోయింది. తెలివైన పని తన తెలివైన చేయి చేస్తోంది. కుట్టు నా కుట్టంత తిన్నగా లేదు గాని, నా ఆరో తరగతి పిల్లల్లో సగం మంది కంటే తిన్నగా ఉంది. ముందు కేకలేశాను, పక్కన ఎవరూ లేకుండా మిషను ముట్టుకోకూడదని మా మధ్య ఒప్పందం. కేకలు అయ్యాక కుట్టు చూశాను.

వేళ్ల భద్రత గురించి అడిగేవారికి: మిషను పలక మీద సూదికి మూడు వేళ్ల దూరంలో ఎర్ర టేపు అంటించాను. అది దాటి వేలు పోకూడదు. దగ్గరగా పట్టవలసి వస్తే ఐస్‌క్రీమ్ పుల్లతో అదమాలి. వేసవిలో పుల్లలకు కొదవ లేదు. దారం ఎక్కించేటప్పుడు పిడి మీద ఎవరి చేయీ ఉండకూడదు, ఇద్దరు పనిచేసే మిషనుకు ఇదే అసలు ప్రమాదం. ఒకసారి నేను సూదిబెజ్జంలో దారం దూరుస్తుంటే పాప అలవాటుగా పిడి కదిపింది. సూది నా గోరు పక్కనుంచి పోయింది. అప్పటినుంచి "చేతులు కట్టుకో" అని నేను అన్నాకే దారం పడతాను.

మిషను లోపాలు కూడా చెప్పాలి కదా. బరువు పది కిలోలకు తక్కువ ఉండదు. ఒకసారి పెట్టిన చోటు నుంచి కదపాలంటే నా నడుము ఒప్పుకోదు. తిన్నని కుట్టు తప్ప ఇంకేమీ రాదు. జిగ్‌జాగు లేదు కాబట్టి బట్ట అంచుల పోగులు ఊడకుండా లోపలికి మడిచి రెండోసారి కుట్టుకోవాలి, లేదా బయట ఓవర్‌లాక్ చేయించుకోవాలి. పిడి వెనక్కి తిప్పితే దారం చిక్కుపడుతుంది, పిల్లలు తప్పకుండా వెనక్కి తిప్పుతారు. వారానికోసారి నూనె వేయాలి, అదీ మిషను నూనే. మా పక్కింటావిడ కొబ్బరినూనె వేసి తన మిషనును జిగురుముద్ద చేసుకుంది. గంటసేపు తిప్పితే పిల్ల చేయి నొప్పి పుడుతుంది. నిజానికి అది మంచిదే, ఆ పూటకు పాఠం ముగిసిందని అర్థం.

ఇంట్లో పాత నల్ల మిషను అటక మీద ఉన్నవారు ఇక ఆలోచించకుండా హ్యాండిలు కొనండి. లేనివారు కొత్తది కొనాలా అంటే, పిల్ల నిజంగా కూర్చుంటుందో లేదో తెలియకుండా అంత ఖర్చు వద్దు. ముందు పోగుల మధ్య సందులు కనిపించే మాటీ బట్ట, మొద్దు మొన సూది, ఊలు దారం ఇచ్చి పది రోజులు చూడండి. చేతికుట్టు మీద కూర్చోలేని పిల్ల మిషను మీదా కూర్చోదు. పాత మిషన్లు బాగుచేసే మెకానిక్కుల దగ్గర తరచుగా అమ్మకానికి కూడా ఉంటాయి, అడగండి. ప్లగ్గు మిషనుకు నా మార్కులు పదికి రెండు, ఆ రెండూ దీపానికి. సాయంత్రం కరెంటు పోయినప్పుడు దారం ఎక్కించుకోవడానికి అది బాగా ఉపయోగపడింది. హ్యాండిలుకు తొమ్మిది. ఒకటి ఎందుకు తగ్గించానంటే, నేను ఎవరికీ పదికి పది వేసే టీచరును కాను.

ఇక పాప కుట్టినవి: రెండు గలేబులు, మూడు సంచులు, బొమ్మకు ఒక లంగా, ఆ తర్వాత అన్నీ జేబులే. ఆడపిల్లల గౌన్లకు జేబులు ఉండవని తనకు ఎప్పటినుంచో కోపమట. ఐదు గౌన్లకు ఐదు జేబులు వేశాం. గౌన్లు అయిపోయాక నా నైటీ మీద పడింది. కళ్లజోడు, ఫోను పెట్టుకోవడానికి నాకు జేబు కావాలని తనే తీర్మానించి, చిలకపచ్చ ముక్క ఎంచుకుని, నన్ను పిడి తిప్పమంది. మూడు వైపులు అయ్యాయి. నేను పిడి వదిలేలోపు బట్ట తిప్పి "ఇంకా తిప్పు" అంది. నాలుగో వైపు కూడా కుట్టించేసింది. ఇప్పుడు అది జేబు కాదు, బిళ్ల. విప్పుదామని బ్లేడు తీస్తే చేయి పట్టుకుంది. లోపల రూపాయి నాణెం వేసి మరీ కుట్టిందట, అది నా లాకరట. ఆ నైటీ ఉతికినప్పుడల్లా వాషింగ్ మిషనులో టకటకమని చప్పుడవుతుంది. రూపాయి అని చెప్పింది గాని, చప్పుడు వింటే ఒక్కటే ఉన్నట్టు లేదు.